తీగ తెగిననాడు

సముద్రపుటొడ్డున కాపురముండు ఆంధ్రులకు తుపాను క్రొత్త చుట్టము కాదు. అది ఏటేట వచ్చునదే. వచ్చినపుడెల్ల ఏదో కొంత పట్టుకొనిపోవునదే. అయినను 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీనాటి ఉప్పెనను తలచుకొన్న కృష్ణామండలవాసికి నేటికిని ఒడలు గగుర్పొడుచును. ఆనాడు దివిసీమమీదికి సముద్రము లేచి వచ్చినది. సర్కారువారి లెక్క ప్రకారమే సుమారు పదివేలమంది ప్రాణములు కోల్పోయిరి. లెక్కకు రానివారెందరో ఎవరు చెప్పగలరు? ఆ దుర్దినమును గూర్చి చెప్పవలసిన సంగతులు పెక్కు కలవు. మేము నేడు ఒక్కదానిని మాత్రమే ప్రస్తావింపదలచితిమి. టెలిగ్రాఫు స్తంభములు కూలినవి. టెలిఫోను తీగలు తెగినవి. బాటలు కొట్టుకొనిపోయినవి. ఆ రాత్రి అచట ఏమి జరిగినదో బయటిలోకమునకు వెంటనే తెలియలేదు. లంకలలోని కొన్ని పల్లెల సంగతి తెలియుటకు మరింత కాలము పట్టినది. చచ్చినవారికై ఏడ్చుటకైనను ముందు వారు చచ్చిరని తెలియవలెను గదా! ఇక బ్రతికి, తాటిచెట్ల మొదళ్లను కావలించుకొని, మంచినీటి చుక్కకై అలమటించినవారికి ఆ తెలియని గడియలు ఎట్లు గడచినవో చదువరులే ఊహింపవచ్చును.

అది పాతకాలపు మాట, ఇప్పుడు పొలము దున్నువాని చేతిలోను సెల్‌ఫోను ఉన్నది గదా యని కొందరనవచ్చును. అట్లనువారికి 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీని జ్ఞాపకము చేయుచున్నాము. హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విరుచుకొనిపడిన ఆ దినమున లక్షలజనము నివసించు మహానగరమున ఫోనులు మూగపోయినవి. కరెంటు పోయినది, కరెంటుతో టవర్లు పోయినవి, టవర్లతో మాట పోయినది. సెల్‌ఫోనును తీగలేని ఫోనని మనము పిలుచుచున్నాము గాని, నిజమునకు దానికున్నన్ని తీగలు మరి దేనికిని లేవు. ఎదురింటివానితో మాటలాడినను ఆ మాట మొదట టవరునకు పోవలెను. అటనుండి నేలలో పాతిన తీగవెంట దూరమందలి యంత్రశాలకు పోవలెను. మరల వెనుకకు రావలెను. ఆ నడుమ ఒక్క ముడి ఊడెనా, ఎదురింటివాడు ఏడు సముద్రముల ఆవలివాడైపోవును.

ఈ ముడులేవియు అక్కరలేక, తన డాబామీది తీగనుండి మరియొకని డాబామీది తీగకు సూటిగా మాట పంపగలవారు కొందరు లోకమున ఉన్నారు. వారిని హాములందురు. ఆ పేరెట్లు వచ్చినదో పలువురు పలువిధములుగ చెప్పుదురు. ఆ తగవు మనకేల? వీరు జీతము పుచ్చుకొను ఉద్యోగులు కారు. వ్యాపారులును కారు, వారికిచ్చిన తరంగములపై వ్యాపారపు మాట ఆడరాదని నియమమే కలదు. పరీక్ష నిచ్చి, సర్కారువారి లైసెన్సు పొంది, తమ సొంత ఖర్చుతో వైర్లెస్సు యంత్రము నమర్చుకొని, దేశదేశముల వారితో ముచ్చటించువారు. వారిలో బడిపిల్లలు కలరు, వకీళ్లు కలరు, గృహిణులు కలరు, పింఛనుదారులు కలరు. జోర్డానుదేశపు రాజగు హుస్సేను జేవై1 అను సంకేతనామముతో గాలిలోనికి వచ్చి తన పేరు మాత్రమే చెప్పుకొని సామాన్యునివలె మాటలాడెడివాడు.

చీకటివేళ కృష్ణరేవున నిలిచి, ఆవలిగట్టున పడవవాడున్నాడో లేడో తెలియక 'ఓహోయ్' అని కేకవేయు బాటసారిని మన పెద్దలెరుగుదురు. హాము చేయునదియు నదియే. అతడు సీక్యూ, సీక్యూ యని పిలుచును. వినుచున్నవాడెవడైనను పలుకవచ్చునని దాని యర్థము. పలుకువాడు బెజవాడవాడు కావచ్చును, బ్రెజిలువాడు కావచ్చును. ఒకరి పేరు ఒకరికి తెలియదు, ఒకరి భాష ఒకరికి రాదు. అయినను మోర్సు టిక్కుటిక్కులతోను, మూడక్షరముల సంకేతములతోను వారు కుశలప్రశ్నలు చేసికొందురు. పిమ్మట నీ గొంతు ఫలానినాడు ఫలానివేళ మాకు వినబడినదని తపాలాకార్డు వ్రాసి పంపుకొందురు. అమెరికా, సోవియట్టు రాజ్యములు ఒకదానిపై నొకటి అణుబాంబులు గురిపెట్టుకొని కూర్చున్న దినములలోను ఈ కార్డులు మాస్కోలోని 88వ నంబరు తపాలాపెట్టెకు పోవుచునే యుండెను, అటనుండి వచ్చుచునే యుండెను. ఆ కార్డుల వలన యుద్ధములు ఆగినవని చెప్పుటకు మేము సాహసింపము. అయినను శత్రుదేశమనబడుదానిలో తనవంటి పిచ్చివాడొకడు అర్ధరాత్రి మేలుకొని తీగ సరిచేసికొనుచున్నాడని ఎరిగినవానికి ఆ దేశమంతయు రాక్షసమయమని నమ్మించుట కష్టము.

పిచ్చివారన్నామని హాములు కోపింపకుందురు గాక. వారి సంభాషణలో సగము నా ఏరియలు ఎంత పొడవు, నీ ఏరియలు ఎంత ఎత్తు అనువానితోనే సరిపోవునని వినికిడి. కాని ఈ పిచ్చియే లోకమునకొక మహోపకారము చేసినది. దానిని కొంచెము వివరముగ చెప్పవలసియున్నది.

1912వ సంవత్సరమున అమెరికా ప్రభుత్వము వైర్లెస్సును గూర్చి చట్టము చేసినపుడు, వందలు వేల మీటర్ల పొడవుగల పెద్ద తరంగములను నౌకాదళములకును కంపెనీలకును పంచిపెట్టి, 200 మీటర్లకు లోపలి పొట్టి తరంగములను ఔత్సాహికులకు విడిచిపెట్టినది. దానము చేసినదనుకొనరాదు. పొట్టి తరంగములు దూరము పోవు, అవి ఎందుకును పనికిరావు అని ఆ కాలపు పండితుల నిశ్చయము. ఊరివెలుపలి చవిటినేలను బీదవానికి పట్టా చేసినట్లు, పనికిరానిదని తోచినదానిని వారికిచ్చిరి. బీదవాడు ఆ చవిటినేలలో బంగారము త్రవ్వి తీసినాడు. 1921 డిసెంబరులో అమెరికా హాములు పాల్ గాడ్లీ యనువానిని స్కాట్లండుకు పంపిరి. అతడు ఆర్డ్రాసన్ సముద్రతీరమున చలిలో గుడారము వేసికొని కూర్చుండి, అట్లాంటికు ఆవలనుండి తోటి హాములు పంపిన సంకేతములను విన్నాడు. 1923 నవంబరులో ఫ్రాన్సుదేశమందలి నీస్ పట్టణపు లియోన్ డెలాయ్, అమెరికాలోని ఫ్రెడ్ ష్నెల్ సుమారు నూరు మీటర్ల తరంగముపై ఇటునుండి అటును అటునుండి ఇటును మాటలాడుకొనిరి. పండితులు తెల్లబోయిరి.

ఆ మరుసటియేడు జరిగినది ఇంతకంటె వింత. 1924 అక్టోబరు 18వ తేదీన న్యూజీలండులో గొఱ్ఱెలమందల నడుమ కాపురముండు ఫ్రాంక్ బెల్ అనునాతని పిలుపునకు లండను నగరపు మిల్‌హిల్ పాఠశాలనుండి పదునెనిమిదేండ్ల విద్యార్థి యొకడు బదులు పలికినాడు. భూగోళమున ఒక చెంపనుండి మరొక చెంపకు పోయిన మాట యది. అటుపిమ్మట బెల్ సోదరి బ్రెండా ఆ యంత్రము ముందు కూర్చుండి తానును పేరుగాంచినది. ఆ విద్యార్థి పేరు సెసిల్ గాయిడరు. ఈ పేరు మన పాఠకులకు తెలియకపోవచ్చును గాని, మన చెవులకు అతని పని తెలియును. 1936లో ఆల్ ఇండియా రేడియోకు ప్రధాన ఇంజినీరుగ వచ్చినవాడు ఈ గాయిడరే. 1937, 38 సంవత్సరములలో ఢిల్లీ, బొంబాయి, మదరాసు, కలకత్తాలలో షార్టువేవు స్టేషనులు వెలసినది అతని ఆధ్వర్యముననే. పాఠశాల గదిలో పిల్లవాని ఆటగ మొదలైనది పదుమూడేండ్లలో ఒక ఖండమంతటికి గొంతుకనిచ్చినదన్న మాట. పిల్లలు తీగలు చుట్టుకొనుచు కూర్చున్న, చదువు చెడుచున్నదని కసరు తండ్రులు ఈ సంగతి ఒక్కమారు ఆలోచింపవలెను.

పొట్టి తరంగములు అంతదూర మెట్లుపోయినవి? భూమికి సుమారు 60 కిలోమీటర్ల ఎత్తునుండి కొన్ని వందల కిలోమీటర్లవరకు గాలి మిక్కిలి పలుచనై యుండును. సూర్యకిరణములు ఆ పలుచని గాలి కణములను చీల్చి విద్యుత్కణములుగ చేయును. పొట్టి తరంగము పైకెగసి ఆ పొరలను తగిలి, అద్దముపై పడిన ఎండవలె వంగి మరల భూమికి దిగును. దిగి మరల ఎగయును. ఎండనుబట్టి ఆ అద్దము మారుచుండును గనుక పగటివేళ కొన్ని వందల కిలోమీటర్లు మాత్రమే పోవు 40 మీటర్ల తరంగము రాత్రివేళ వేల కిలోమీటర్లు పోవును. సూర్యునిపై మచ్చలు పదునొకండేండ్లకొకసారి హెచ్చితగ్గుచుండ ఇదియు హెచ్చితగ్గుచుండును. ఈ పొరల శాస్త్రమున భారతీయులు వెనుకబడినవారు కారు. కలకత్తాలో శిశిరకుమారమిత్రగారు జీవితమంతయు దీనికే ధారపోసి 1947లో రచించిన ఉద్గ్రంథము లోకప్రసిద్ధము. మన వాల్తేరున ఆంధ్రవిశ్వకళాపరిషత్తులోను దీనిని గూర్చి దీర్ఘకాలము పరిశోధనలు జరిగినవి. అసలు 1895లోనే జగదీశచంద్రవసుగారు కలకత్తా టౌనుహాలులో గోడల కావల తీగలేకుండ గంట మ్రోగించి చూపిరి. విద్య మనకు పరాయిది కాదు. దానిని ఇంటింట సాగనిచ్చుటయే మనకు చేతకాలేదు.

ఏల చేతకాలేదో చూతము. 1921లో అమరేంద్రచంద్రగుప్తగారు 2జేకే అను సంకేతముతో మనదేశమున మొదటి హాము ఐరి. అదేయేడు ముకుల్ బోసుగారు రెండవవారు. ఈ రీతిగ అమెరికా యూరపు ఖండములవారితో ఇంచుమించు సమానముగనే మనమును బయలుదేరితిమి. మదరాసులో సి.వి. కృష్ణస్వామిశెట్టిగారి యుత్సాహమువలన 1924లో రేడియోక్లబ్బొకటి వెలసి, ధనము చాలక కొలదియేండ్లకే మూతపడినను, ఈ దేశమున రేడియో ప్రసారములకు దారితీసినది. కాని పరిపాలకులు పరాయివారు. టెలిగ్రాఫుపై 1885లో ఒక చట్టము, వైర్లెస్సుపై 1933లో మరియొక చట్టము. రెంటి ఆంతర్యమును ఒక్కటే. ఈ దేశపు మనుష్యుడు సర్కారువారికి తెలియకుండ మరియొక మనుష్యునితో మాటలాడరాదు. 1939లో యుద్ధము రాగానే హాములందరును తమ ట్రాన్స్‌మిటర్లను పోలీసుఠాణాలలో ఒప్పగింపవలసినదని తాఖీదులు పోయినవి.

ఇట్లు గొంతులన్నియు నొక్కి మూడేండ్లు తిరుగకముందే 1942 ఆగష్టు వచ్చినది. నాయకులు చెరసాలలపాలైరి. పత్రికలకు సంకెళ్లు పడినవి. అపుడు ఆగష్టు 27వ తేదీన 42.34 మీటర్లపై బొంబాయిలో ఎచటనో ఒక గొంతు లేచి, ఇది కాంగ్రెసు రేడియో, భారతదేశమున ఒకానొక చోటినుండి మాటలాడుచున్నామని ప్రకటించినది. ఆ గొంతు ఇరువదిరెండేండ్ల ఉషామెహతాది. రేడియోవిద్యను సరదాకై నేర్చి చేతికి అలవరచుకొన్నవారి సాయము లేక ఆ యంత్రము పలికెడిది కాదు. 42.34 మీటర్లనగా నేటికిని లోకమందలి హాములెల్లరు మాటలాడుకొను 40 మీటర్ల పట్టెలోని చోటేయని పాఠకులు గమనింతురు గాక. పోలీసుబండ్లు వాసన పట్టుచు తిరుగుచుండ ఇల్లు మార్చి ఇల్లు మార్చి వారు చిట్టగాంగుపై బాంబులు పడుటను, జంషెడ్‌పురమున సమ్మెను లోకమునకు చాటిరి. ఆల్ ఇండియా రేడియోకు యాంటీ ఇండియా రేడియో యని పేరుపెట్టిరి. పదునొకండు వారములు సాగినది. ఇంటిగుట్టు లంకకు చేటన్నట్లు లోపలివాడొకడు దారి చూపగా నవంబరు 12వ తేదీన పోలీసులు తలుపులు బ్రద్దలుకొట్టిరి. అపుడు వందేమాతరము పాడించుచుంటిమని ఉషామెహతాగారు పిమ్మట చెప్పియున్నారు. ఆమెకు నాలుగేండ్ల కఠినశిక్ష విధించిరి. 1946లో గాని ఆమె ఎరవాడ జైలునుండి వెలుపలికి రాలేదు.

స్వరాజ్యము వచ్చినది. 1948లో హాములు మ్హావులోని సిగ్నలు పాఠశాలలో కూడి సంఘము నేర్పరచుకొనిరి. అయినను పరాయిప్రభువుల రెండు చట్టములును స్వదేశప్రభుత్వమునకు ముద్దుబిడ్డలే ఐనవి. వినికిడి రేడియో ఇంట నుంచుకొనుటకైనను పోస్టాఫీసున రుసుము చెల్లించి లైసెన్సు పుస్తకము పుచ్చుకొనవలసిన దినములు మా చదువరులలో పెద్దలకు జ్ఞాపకముండును. ఆ రెండు చట్టములకు బదులుగ క్రొత్త టెలికమ్యూనికేషన్ చట్టమును చేయుటకు పార్లమెంటునకు 2023వ సంవత్సరము రావలసివచ్చినది. యంత్రముల దిగుమతిపై సుంకము మోయలేనిదై, మధ్యతరగతి యువకుడు హాము కావలెనన్న పాత సైనికసామగ్రిని అంగళ్లలో ఏరుకొని తానే కూర్చుకొనవలసివచ్చెడిది. 1984లో ఆ సుంకము తొలగినది. స్వయముగ హాము ఐన రాజీవ్‌గాంధీగారు ఆ దశాబ్దముననే ప్రధానమంత్రి యగుట ఈ విద్యకు కొంత కలిసివచ్చినది.

ఇక మన హైదరాబాదు సంగతి. 1983లో ఈ నగరమున జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ వెలసినది. ఎందరికో శిక్షణ నిచ్చి, విపత్తులలో సాయము చేయించిన సంస్థ యిది. ఈ సంస్థకు చెందిన భారతీప్రసాద్‌గారు 2004 డిసెంబరులో తోటివారితో కూడి అండమాను దీవులకు పోయిరి. ఆ దీవులనుండి ఎన్నియో ఏండ్లుగ హాములెవరును మాటలాడియుండలేదు; అనుమతి దొరకుట దుర్లభము. ఆమె పట్టువిడువక అనుమతి సంపాదించి పోర్టుబ్లెయిరులో యంత్రము స్థాపించినది. అండమాను గొంతు విన్నామని చెప్పుకొనుటకై లోకమందలి వేలకొలది హాములు వరుస కట్టినారు. ఇదంతయు వినోదము. సర్కారుకాని, జనముకాని దీనివలన ప్రయోజనమేమని యడిగియున్న ఆనాడు జవాబు చెప్పుట కష్టమై యుండెడిది.

డిసెంబరు 26వ తేదీ ఉదయము ఆరున్నర గంటలవేళ సముద్రగర్భమున భూమి కంపించినది. పిమ్మట సునామీ వచ్చినది. దీవులకును ప్రధానభూమికిని నడుమ ఫోనులు తెగినవి. వినోదముగ నిలిపిన ఏరియలే దీవులకు మాట యైనది. కుప్పకూలిన దీవులలో ఎవరు బ్రతికియున్నారు, ఎచట ఏమి కావలెను అను వార్తలు ఆ యంత్రముమీదుగ ప్రధానభూమి హాములకు చేరినవి. వారు ఆయా కుటుంబములకు, అధికారులకు అందించిరి. దూరపు నికోబారులోను హాములు స్టేషను పెట్టిరి. తన బిడ్డ బ్రతికియున్నాడో లేడో తెలియక మదరాసులోనో విశాఖలోనో తల్లడిల్లు తల్లికి, క్షేమమను రెండక్షరములు చేరవేసినవాని ఋణము ఏ ఖజానా తీర్పగలదు? దీనికి ముందు 1999 ఒడిశా మహాతుపానులోను, 2001 జనవరి 26నాటి గుజరాతు భూకంపములోను వీరి సేవ లోకమెరిగినదే.

విపత్తులలోనే గాక జాతరలలోను వీరికి పని కలదు. సంక్రాంతినాడు గంగాసాగరమున లక్షలజనము చేరుదురు. దేశపు నలుమూలలనుండి వచ్చిన వృద్ధులు ఆ గుంపులో తప్పిపోవుదురు. చేతిలో కాసు లేదు, ఊరిపేరు సరిగ చెప్పలేరు, చెప్పినను వంగదేశమున ఆ భాష తెలిసినవాడు లేడు. పశ్చిమవంగ రేడియోక్లబ్బువారు అట్టి ముసలమ్మ ముందు కూర్చుండి, ఆమె నోటి మాట ఏ భాషదో పోల్చి, ఆ రాష్ట్రపు హాములకు కబురుపెట్టుదురు. వారు ఊరు పోల్చి, ఇల్లు వెదకి, కొడుకును పిలిచి తల్లితో మాటలాడింతురు. ఏండ్లక్రిందట తప్పిపోయి చనిపోయినారనుకొన్నవారును ఇట్లు ఇంటికి చేరినారు. దీనికి టవరునకంటె, యంత్రమునకంటె, ప్రతి జిల్లాలోను పిలిచిన పలుకు మనుష్యుడొకడుండుట ముఖ్యము. హాము రేడియో యనగా మేము ప్రధానముగ ఆ మనుష్యునినే తలచుచున్నాము.

ఆకాశమునను వీరికి చోటు దొరకినది. 2005 మే 5వ తేదీన మన శ్రీహరికోటనుండి ఎగిరిన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు హామ్‌శాట్ అను 42.5 కిలోల బుల్లి ఉపగ్రహమును మోసికొనిపోయినది. దానిలోని రెండు మాటల యంత్రములలో నొకటి మనవారు చేసినది, రెండవది హాలెండుదేశపు విద్యార్థి హాము చేసినది. 2014 జూలైవరకు అది దేశదేశముల హాములకు ఉచితముగ సేవ చేసినది. 2025 జూలైలో శుభాంశు శుక్లాగారు అంతరిక్షకేంద్రమునుండి మన విద్యార్థులతో మాటలాడినదియు హాము రేడియోమీదనే.

ఇంత చరిత్రగల దేశమున హాములెందరు? 2007 నాటికి సుమారు పదునారువేలు. అమెరికాలో ఏడులక్షలకు పైబడి యున్నారు. మన జనసంఖ్యను తలచిన సిగ్గుపడవలసిన లెక్క యిది. ధనము లేమి దీనికి కారణమని మేమొప్పుకొనము. ఒక మంచి సెల్‌ఫోను కొను ధనముతో చిన్న హాము యంత్రము వచ్చును. కారణము అనుమానము. ఏరియలు కట్టినవానిని ఇరుగుపొరుగు అనుమానింతురు. లైసెన్సు కోరినవాని పూర్వోత్తరములు పోలీసులు విచారింతురు. దేశరక్షణకై విచారణ ఉండవలసినదే. దానిని మేము కాదనము. ఉగ్రవాదులు సముద్రముమీద వచ్చిన దేశము మనది. కాని గూఢచారి లైసెన్సు కొరకు పరీక్ష వ్రాయునా? హాము ప్రతి సంభాషణలోను తన సంకేతనామము చెప్పవలెను. రహస్యభాష వాడరాదు. అతని మాట ఎవరైనను వినవచ్చును, పోలీసులు మొదటగ వినవచ్చును. ఇంత బహిరంగముగ మాటలాడువానిని నెలలతరబడి త్రిప్పి, అర్థముకాని సంకేతములతో గుట్టుగ నడచు లక్షల సెల్‌ఫోనులను అడుగడుగున అమ్ముట ఏమి న్యాయమో మాకు బోధపడలేదు. 1942లో దాగి మాటలాడినవారిని మనము పూజించుచున్నాము. నేడు దాగక మాటలాడుదుమనువారిని సందేహించుచున్నాము.

ఇంటర్నెట్టు ఉండగా ఇదంతయు ఏల యని అడుగువారికి మేము పైననే జవాబు చెప్పితిమి. ఇంకొక మాటయు కలదు. ఇంటర్నెట్టులో మనము ఎరిగినవారితోనే, మనకు నచ్చినవారితోనే మాటలాడుచున్నాము. హాము ఎవరు పలుకుదురో తెలియక పిలుచును. మాట పోవు దారిని స్వయముగ కట్టినవాడు గనుక, దారి తెగిన కట్టుట అతనికి వచ్చును. మనము వాడుకదారులము మాత్రమే; దారి తెగిననాడు ఫోనును పైకెత్తి అటునిటు త్రిప్పి చూచుట తప్ప మనకేమియు రాదు.

కావున మా సూచనలు ఇవి. మా రాష్ట్రపు తీరమున నెల్లూరునుండి ఇచ్ఛాపురమువరకు సముద్రమునకు చేరువనున్న ప్రతి మండలమున కనీసము ఇద్దరు లైసెన్సుగల హాములుండవలెను. వారు సర్కారు ఉద్యోగులు కానక్కరలేదు, కాకుండుటయే మేలు. బదిలీ యైపోవు ఉద్యోగికంటె ఊరిలో నిలుచు బడిపంతులు, ఎలక్ట్రికు దుకాణపువాడు, చేపలపడవ యజమాని నయము. ఇంజినీరింగు కళాశాలలు మనకు వందలకొలది యున్నవి; ఒక్కొక్కదానిలో ఒక హాము స్టేషనుండిన వానికి కొంత సార్థకత కలుగును. పరీక్షకు చదువదగిన పుస్తకములను సులభమైన తెలుగున వ్రాయింపవలెను. లైసెన్సు దరఖాస్తునకు గడువు విధించి, ఆ గడువులోపల ఇచ్చుటయో, కారణము చెప్పి నిరాకరించుటయో చేయవలెను. జిల్లా అధికారులు తుపాను వచ్చిన పిమ్మట హైదరాబాదునకో బెజవాడకో కబురుపెట్టి హాములను రప్పించుకొనుటకు బదులు, ఎండకాలముననే వారిని పిలిచి, ఎవరు ఎచట కూర్చుండవలెనో అభ్యాసము చేయింపవలెను.

గ్రంథాలయములకు మేము ప్రత్యేకముగ చెప్పుచున్నాము. ఒకనాడు ఊరికి పత్రిక రాగానే పదిమందిని చేర్చి చదివి వినిపించిన పఠనమందిరములు అనేకము నేడు పగలు పేకాటకును రాత్రి తాళమునకును మిగిలినవి. వానిలో కొన్నిటికి పక్కామేడలు కలవు. 40 మీటర్ల పట్టెకు ఏరియలు కట్టుటకు సుమారు ఇరువదిరెండు గజముల రాగితీగయు, దాని నడుమభాగమును ఎత్తి నిలుపుటకు మేడమీద ఒక నిడుపాటి వెదురుగడయు చాలును. కరెంటు పోయిననాడు యంత్రము నడపుటకు కారుబ్యాటరీ చాలును. వారమునకు రెండు సాయంకాలములు మోర్సు నేర్పువారున్న, పండ్రెండేండ్లు నిండిన పిల్లవాడు పరీక్షకు కూర్చుండవచ్చును. బందరు, అవనిగడ్డ, రేపల్లె, బాపట్ల పట్టణములలోని గ్రంథాలయ కార్యనిర్వాహకులు ఈ విషయమై తమ తమ సంఘములలో ఆలోచించి, రాబోవు అక్టోబరునకు ముందే మొదటి తరగతి ప్రారంభింతురని ఎదురుచూచుచున్నాము.